ఉస్త్-కోక్సా జిల్లా, ఆల్తాయ్ (రష్యా): తరచుగా అడిగే ప్రశ్నలు

రష్యా అంటే మనకు మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్, మెడిసిన్ సీట్లు. ఆ దేశపు పల్లెల గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. అందుకే ఒక్క జిల్లాను తీసుకుని, దాని గురించి ఎవరైనా అడగదగ్గ ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాం. రెండు వందల ఏళ్లకు పైగా ఈ జిల్లాకు ఎవరో ఒకరు స్వర్గాన్ని వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు మాత్రం ఆవుల్ని, జింకల్ని, తేనెటీగల్ని పెంచుకుంటూ బతికారు.

ఈ జిల్లా ఎక్కడుంది?

రష్యా దక్షిణ సైబీరియాలో, ఆల్తాయ్ రిపబ్లిక్‌లో ఉంది. రష్యా, కజకిస్తాన్, చైనా, మంగోలియా నాలుగూ ఒకదానికొకటి దగ్గరపడే పర్వత ప్రాంతం అది. జిల్లాకు దక్షిణపు సరిహద్దు దాటితే కజకిస్తాన్. ఉత్తరాన తెరెక్తా పర్వతశ్రేణి, దక్షిణాన కతూన్ పర్వతశ్రేణి. ఈ రెంటి మధ్య సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో పరచుకున్న చదును నేలే ఉయ్‌మోన్ లోయ. ఊళ్లలో ఎక్కువ భాగం ఈ లోయలోనే ఉన్నాయి. జిల్లా కేంద్రం పేరు ఉస్త్-కోక్సా. కోక్సా నది వచ్చి కతూన్ నదిలో కలిసే చోట ఉంది.

పక్కనే "ఆల్తాయ్ క్రాయ్" అనే వేరే రాష్ట్రం ఉంది. హోటల్ బుక్ చేసేటప్పుడు ఈ రెంటినీ కలిపేసుకుంటే వందల కిలోమీటర్ల తేడా వస్తుంది, జాగ్రత్త.

ఎంత పెద్దది? జనం ఎంతమంది?

విస్తీర్ణం సుమారు 13 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఉమ్మడి విజయనగరం జిల్లాకు దాదాపు రెట్టింపు. 2011 లెక్కల్లో విజయనగరం జిల్లాలో 23 లక్షల పైచిలుకు జనం ఉంటే, ఇక్కడ ఉన్నది సుమారు 16 వేలు. పట్టణం అనదగ్గది ఒక్కటీ లేదు. జిల్లా కేంద్రం కూడా పల్లెటూరే. జనంలో ఎక్కువమంది రష్యన్లు, ఆ తర్వాత ఆల్తాయ్ జాతివాళ్లు. ఆల్తాయ్‌లది తుర్కిక్ కుటుంబానికి చెందిన భాష.

రష్యన్లు ఇంత లోపలికి ఎందుకు వచ్చారు?

పారిపోయి వచ్చారు. ఈ జిల్లా చరిత్రకు మూలం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1650లలో రష్యన్ చర్చి అధిపతి నీకొన్ పూజా విధానంలో మార్పులు తెచ్చాడు. శిలువ గుర్తు రెండు వేళ్లతో వేసుకునేవాళ్లను మూడు వేళ్లతో వేసుకోమన్నాడు, ప్రార్థన పుస్తకాలు దిద్దించాడు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వేల కుటుంబాలు ఒప్పుకోలేదు. తాతల నాటి పద్ధతే నిజమైన మతం అని పట్టుబట్టిన వీళ్లను "స్తారొవేరి" అంటారు, పాత విశ్వాసులు అన్నమాట. ప్రభుత్వం వేధించింది. వాళ్లు తూర్పుకు, ఇంకా తూర్పుకు కదిలారు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆల్తాయ్ అంచుల్లో దెమీదొవ్ కుటుంబం గనులు, లోహం కరిగించే కర్మాగారాలు పెట్టింది. తర్వాత అవి జార్ ఖజానా చేతికి వెళ్లాయి. చుట్టుపక్కల రైతులను ఆ కర్మాగారాలకు కట్టేశారు. వెట్టి భరించలేక గని కూలీలు, సైన్యంలోకి లాక్కెళతారని భయపడ్డ కుర్రాళ్లు, పాత విశ్వాసులు అందరూ కొండల్లోకి జారుకున్నారు. కొండను అక్కడ "రాయి" (రష్యన్‌లో "కామెన్") అనేవారు కాబట్టి వీళ్లకు "కామెన్‌షికీ" అనే పేరు పడింది. బుఖ్తర్మా నది లోయలో కొందరు, ఉయ్‌మోన్ లోయలో కొందరు స్థిరపడ్డారు. అధికారి లేడు, పన్ను లేదు, పాస్‌పోర్టు లేదు.

అయితే ఎన్నాళ్లని దాక్కుంటారు? ఉప్పు కావాలి, ఇనుము కావాలి, పిల్లలకు సంబంధాలు కావాలి. చివరికి వాళ్లే ప్రభుత్వంతో రాజీకి వచ్చారు. 1791లో కాథరిన్ మహారాణి వాళ్లను క్షమించి, రష్యా ప్రజలుగా చేర్చుకుంది. ఆ చేర్చుకోవడంలో ఒక విచిత్రం ఉంది. వీళ్లు అచ్చమైన రష్యన్లే అయినా, కాగితాల మీద సైబీరియా ఆదివాసులతో సమానంగా లెక్కగట్టారు. బొచ్చుతోళ్ల రూపంలో కప్పం కడితే చాలు, సైన్యంలో చేరక్కర్లేదు. పారిపోయి వచ్చినవాళ్లకు ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది?

"బెలొవోద్యే" అనే మాట తరచు వినిపిస్తుంది, అదేంటి?

పాత విశ్వాసుల కలల దేశం. తెల్లని నీళ్ల నాడు, అక్కడ పాపం లేదు, అధికారి లేడు, నిజమైన మతం చెక్కుచెదరకుండా ఉంటుందని నమ్మేవాళ్లు. దారి చెప్పే చేతిరాత కాగితాలు పందొమ్మిదో శతాబ్దంలో రష్యా అంతటా చేతులు మారాయి. వాటిలో ఉయ్‌మోన్ పేరు కూడా మజిలీగా ఉండేది. ఆ కాగితాలు పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు సామాను సర్దుకుని బయలుదేరాయి. కొందరు చైనా ఎడారుల దాకా వెళ్లి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చారు. వెనక్కి వచ్చి ఉయ్‌మోన్‌లోనే ఇల్లు కట్టుకున్నవాళ్లే తెలివైనవాళ్లనిపిస్తుంది.

రష్యన్లకు ముందు ఇక్కడ ఎవరూ లేరా?

లేకపోవడమేం! ఆల్తాయ్ జాతులు ఉన్నాయి. అవి జుంగార్ అనే మంగోల్ తెగల రాజ్యం కింద ఉండేవి. చైనా చింగ్ రాజవంశపు సైన్యాలు ఆ రాజ్యాన్ని తుడిచిపెట్టేశాక, ప్రాణాలు దక్కించుకోవడానికి ఆల్తాయ్ పెద్దలు 1756లో రష్యా రక్షణ కోరారు.

అంతకు చాలా ముందు ఇనుప యుగపు సంచార జాతులు తమ నాయకులను గుర్రాలతో సహా రాళ్ల దిబ్బల కింద పూడ్చిపెట్టాయి. 1865లో వసీలీ రాద్‌లొవ్ అనే పరిశోధకుడు కతందా ఊరి దగ్గర అలాంటి పెద్ద దిబ్బను తవ్వించాడు. లోపల నేల గడ్డకట్టి ఉండటంతో బొచ్చు దుస్తులు కూడా చెడిపోకుండా దొరికాయి. ఆల్తాయ్ మంచు సమాధుల గురించి ప్రపంచానికి మొదట తెలిసింది ఇలాగే. కుచెర్లా నదీతీరంలో రాతి చిత్రాలున్న ఒక గుహ కూడా ఉంది. వేల ఏళ్ల పాటు జనం అక్కడికి పూజలకు వచ్చేవారని తవ్వకాల్లో తేలింది.

పాత విశ్వాసులు ఇంకా ఉన్నారా? చూడటానికి వెళ్లొచ్చా?

వాళ్ల సంతతి ఉంది. వెర్ఖ్‌నీ ఉయ్‌మోన్ ఊళ్లో వాళ్ల జీవితం గురించి చక్కటి మ్యూజియం ఉంది. రంగురంగుల పూలు గీసిన చెక్క గోడలు, నేసిన నడికట్లు, పాత ప్రార్థన పుస్తకాలు చూడొచ్చు. వెనకటి రోజుల్లో బయటివాడికి తమ గిన్నెలో నీళ్లు ఇచ్చేవారు కాదు, విడిగా ఒక పాత్ర ఉండేది. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ మడి సంగతి పెద్దగా వివరించక్కర్లేదు. పొగాకు మహాపాపం. ఇప్పుడు ఆ పట్టింపులు చాలావరకు సడలాయి. అయినా ముసలివాళ్ల ఇంటి ముందు నిలబడి సిగరెట్ కాల్చకండి, అడక్కుండా ఫోటోలు తీయకండి.

విప్లవం తర్వాత ఏమైంది?

దాక్కోవడానికి పనికొచ్చిన కొండలే యుద్ధానికీ పనికొచ్చాయి. అంతర్యుద్ధంలో 1918 ఆగస్టులో ప్యోత్ర్ సూఖొవ్ నడిపిన ఎర్ర (బోల్షెవిక్) దళం త్యుంగూర్ దగ్గర చిక్కి నాశనమైంది. అక్కడ స్మారకం ఉంది. బోల్షెవిక్‌లను ఎదిరించిన శ్వేతదళాల పక్షాన పోరాడిన అలెక్సాందర్ కైగొరోదొవ్ 1922లో కతందాలో హతమయ్యాడు. పక్కపక్క ఊళ్లు, చెరొక పక్షం. ఆ తర్వాత సామూహిక వ్యవసాయం వచ్చింది. నిండా పశువులున్న పాత విశ్వాసుల కుటుంబాలను కులక్‌లని, అంటే ధనిక రైతులని ముద్రవేసి ఆస్తులు లాక్కుని దూరప్రాంతాలకు పంపించారు. జార్‌కు చిక్కని మనుషులు సోవియట్‌కు చిక్కారు.

రోరిక్ ఇక్కడికి ఎందుకు వచ్చాడు? మనకేమైనా సంబంధం ఉందా?

ఉంది. చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ సిక్కిం, కశ్మీర్, లద్దాఖ్ మీదుగా కారాకోరం దాటి మధ్య ఆసియా చుట్టివచ్చే పెద్ద యాత్ర చేశాడు. ఆ యాత్రలో భాగంగా 1926 ఆగస్టులో భార్య హెలెనా, పెద్దకొడుకు యూరీతో కలిసి వెర్ఖ్‌నీ ఉయ్‌మోన్‌లో అతమానొవ్ అనే పాత విశ్వాసి ఇంట్లో దిగాడు. ఆల్తాయ్‌కీ హిమాలయాలకీ లోతైన బంధం ఉందని ఆయన నమ్మకం. బెలొవోద్యే, బౌద్ధ గాథల్లోని రహస్య పుణ్యభూమి శంభల ఒకటేనన్నాడు. తర్వాత మన దేశంలోనే కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, 1947లో అక్కడే కన్నుమూశాడు. ఆయన దిగిన ఊళ్లో ఇప్పుడు మ్యూజియం ఉంది.

తెలుగువాళ్లకు ఇంకో చిన్న తీగ దొరుకుతుంది. రోరిక్ చిన్నకొడుకు స్వెతొస్లావ్‌ను 1945లో పెళ్లాడిన నటి దేవికా రాణి పుట్టింది విశాఖపట్నం వాల్తేరులో. ఆ దంపతులు చివరిదాకా బెంగళూరులో ఉన్నారు. స్వెతొస్లావ్ మాత్రం 1926 ఆల్తాయ్ యాత్రలో లేడు.

అంటే శంభల నిజంగా ఇక్కడే ఉందా?

ఉన్నది కొండలు, గడ్డి, మంచు. రోరిక్ పుణ్యమా అని ఏటా "శక్తి కేంద్రాలు" వెతుక్కుంటూ చాలామంది వస్తారు. అక్కెమ్ సరస్సు పక్కన యార్లూ లోయలో రాళ్లు పేర్చి "నగరం" కట్టేశారు కూడా. గైడ్లు దాని మీద రకరకాల కథలు చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా ఆ లోయ రంగులు మాత్రం చూడదగ్గవి. మీరు కూడా ఒక రాయి పేర్చాల్సిన అవసరం లేదు.

ఇక్కడి జనం ఏం చేసి బతుకుతారు?

పశువులు, పాలు, చీజ్, మరాల్ జింకలు, తేనె, అడవి, ఈమధ్య టూరిస్టులు. వరుస దాదాపు ఇదే.

ఎత్తు ఎక్కువ, వేసవి చిన్నది, శీతాకాలంలో మైనస్ 40 డిగ్రీలకు కూడా పడిపోతుంది. కాబట్టి గోధుమ పండించి గొప్పవాళ్లవడం కుదరదు. ఉన్నది గడ్డి. జూలై, ఆగస్టుల్లో ఊరంతా ఎండుగడ్డి కోసి వాములు వేసే పనిలో ఉంటుంది. ఆ వాము మీదే ఏడు నెలలు పశువు బతకాలి. పాలను దూరపు నగరాలకు పంపడం కష్టం కాబట్టి గట్టి చీజ్‌గా మార్చి అమ్ముతారు. కొండ పూల తేనెకు రష్యా అంతటా మంచి పేరు.

అడవిలోంచి పైన్ గింజలు వస్తాయి. అక్కడివాళ్లు "కేద్ర్" అనే సైబీరియా పైన్ చెట్టు కాయలు రాల్చి, ఏరి, దంచి గింజలు తీస్తారు. కాపు బాగా వచ్చిన ఏడాది కుటుంబానికి అది మంచి ఆదాయం. బదాన్ అనే మొక్క నిరుటి నల్లబడ్డ ఆకుల్ని టీ కాచుకుంటారు. "బంగారు వేరు" అని పిలిచే రోడియోలా కూడా ఈ కొండల్లోదే. ఇష్టమొచ్చినట్టు తవ్వి అమ్మేయడంతో దాన్ని రక్షిత మొక్కల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

మరాల్ జింకల పెంపకం అంటే ఏంటి? మాంసం కోసమా?

ప్రధానంగా కొమ్ముల కోసం. మగ మరాల్‌కు ఏటా కొమ్ములు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. అవి ఇంకా మెత్తగా, రక్తం నిండి, నూగుతో ఉన్నప్పుడే వేసవి మొదట్లో కోస్తారు. వీటిని "పాంతీ" అంటారు. మరిగే నీళ్లలో పదేపదే ముంచి తీసి, ఆరబెట్టి ఎగుమతి చేస్తారు. తరతరాలుగా కొనేది చైనా, కొరియా సంప్రదాయ వైద్యం. సోవియట్ కాలంలో ఇదే కొమ్ముల నుంచి పాంతొక్రీన్ అనే మందు తయారుచేశారు. అడవి మరాల్‌ను పట్టి కంచె వేసి పెంచడం పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టింది ఈ ప్రాంతపు పాత విశ్వాసులే. కొండవాలు మీద కిలోమీటర్ల కొద్దీ ఎత్తైన కంచె కనిపిస్తే అది మరాల్ క్షేత్రం అనుకోండి.

కొమ్ములు మరిగించిన నీళ్లలో స్నానం చేయించే వ్యాపారం కూడా నడుస్తోంది. కీళ్లనొప్పుల నుంచి మగతనం దాకా అన్నీ నయమవుతాయని ప్రకటనలు. వేడినీళ్ల స్నానం ఎవరికైనా హాయిగానే ఉంటుంది, అంతకు మించి ఆశపడి డబ్బు పోయకండి. గుండె, రక్తపోటు సమస్యలున్నవాళ్లు అసలు దిగకపోవడం మేలు. కొమ్ములు కోసేటప్పుడు జింకకు నొప్పి ఉండదా అంటే, ఉంటుంది. ప్రాణమున్న కణజాలం అది. ఆ తంతు చూడటానికి టికెట్టు పెట్టే చోట్లకు వెళ్లాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

ఫ్యాక్టరీలు, రైలు ఏమీ లేవా?

ఆల్తాయ్ రిపబ్లిక్ మొత్తంలోనే రైలు పట్టా లేదు. ఆఖరి స్టేషన్ పక్క రాష్ట్రంలోని బీస్క్. పెద్ద పరిశ్రమ కూడా లేదు. చెప్పుకోదగ్గది 2019లో వచ్చిన 40 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం. సైబీరియాలో సోలారా అని ఆశ్చర్యపోకండి, అక్కడ చలి ఎక్కువే గానీ ఎండకు లోటు లేదు.

బెలూఖా శిఖరం సంగతేంటి? ఎక్కొచ్చా?

సైబీరియాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఇది, సుమారు 4,500 మీటర్లు. రెండు కొమ్ములు, మధ్యలో జీనులాంటి వంపు. రష్యా, కజకిస్తాన్ సరిహద్దు దాని మీదుగానే పోతుంది. బర్నవూల్ గనుల డాక్టర్ ఫ్రీద్రిఖ్ గెబ్లెర్ 1835లో దక్షిణం వైపు హిమానీనదాన్ని మొదట వర్ణించాడు. ఇప్పుడు దానికి ఆయన పేరే. కతూన్ నది పుట్టేది అక్కడే. తోమ్‌స్క్ వృక్షశాస్త్రజ్ఞుడు వసీలీ సపోజ్నికొవ్ 1898లో ఆ వంపు దాకా చేరాడు. శిఖరం మీద మొదట కాలు పెట్టింది బొరీస్, మిఖయీల్ త్రోనొవ్ సోదరులు, 1914లో.

ఆ వంపులోనే 2001లో స్విట్జర్లాండ్, రష్యా శాస్త్రవేత్తలు సుమారు 140 మీటర్ల లోతుకు మంచును తొలిచి స్తంభంలా బయటకు తీశారు. వందల ఏళ్ల గాలి చరిత్ర అందులో పొరలు పొరలుగా ఉంది. గనుల నుంచి, సీసం కలిపిన పెట్రోలు నుంచి వచ్చిన సీసం, అణుపరీక్షల ఆనవాళ్లు కూడా దొరికాయి. మనిషి జాడ లేని చోటనుకున్న కొండ కూడా మన పొగను లెక్కరాసుకుంటూ కూర్చుంది.

ఇక ఎక్కడం: ఇది ట్రెక్ కాదు, పర్వతారోహణ. తాళ్లు, బూట్ల ముళ్లు, మంచు చీలికల మీద అనుభవం ఉండాలి. ఆల్తాయ్ జాతివాళ్లకు ఇది పవిత్రమైన కొండ, ఎక్కడమే తప్పని వాళ్లలో చాలామంది భావన. మనవాళ్లు కైలాసాన్ని ఎక్కనట్టే అనుకోండి.

ఎక్కకుండా దగ్గరగా చూసే దారి?

ఇదే ఎక్కువమంది చేసేది. రోడ్డు ఆఖరయ్యే ఊరు త్యుంగూర్. అక్కడ కతూన్ దాటి నడక మొదలు. ఒక దారి కుచెర్లా సరస్సుకు, ఇంకోటి అక్కెమ్ సరస్సుకు. కాళ్లలో బలం ఉన్నవాళ్లు కుచెర్లా మీదుగా వెళ్లి, మూడు వేల మీటర్లు దాటిన కరా-త్యురేక్ కనుమ ఎక్కి అక్కెమ్‌లో దిగి చుట్టు పూర్తిచేస్తారు. వారం పైనే పెట్టుకోండి. బరువులకు గుర్రాలు దొరుకుతాయి.

అక్కెమ్ సరస్సు నీళ్లు పాల రంగులో ఉంటాయి. హిమానీనదం రాళ్లను నూరిన పిండి నీళ్లలో కలవడం వల్ల అలా. ఎదురుగా బెలూఖా ఉత్తరపు గోడ నిలువునా లేచి ఉంటుంది. ఒడ్డున వాతావరణ కేంద్రం, రక్షక దళం శిబిరం, కొండల్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం కట్టిన చిన్న చెక్క చర్చి ఉన్నాయి. అక్కడి గైడ్లు వాతావరణం బాగాలేదు, ఆగమంటే ఆగండి. ఆగస్టులోనే మంచు కురవొచ్చు.

అంత నడవలేం. ముల్తా సరస్సులు చాలా?

చాలు, నిజానికి కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే మంచిది. ముల్తా ఊరు దాటాక దారి బండరాళ్లు, బురద. సోవియట్ నాటి సైనిక లారీల్లో కిందామీదా పడుతూ తీసుకెళతారు. నడుమునొప్పి ఉన్నవాళ్లు గుర్రం అడగండి. కింది సరస్సుకు, మధ్య సరస్సుకు నడుమ "షూమీ" అనే జలపాతం బండల మధ్య హోరెత్తుతుంది. పైన ఇంకా సరస్సులున్నాయి. కానీ ఎగువ భాగం కతూన్ అభయారణ్యంలోది, అనుమతి తీసుకునే వెళ్లాలి. ఈమధ్య జనం బాగా పెరిగారు. నిశ్శబ్దం కావాలంటే ఆగస్టు కాక సెప్టెంబరు మొదటివారం చూసుకోండి.

కతూన్ అభయారణ్యంలో ఏ జంతువులుంటాయి?

1991లో ఏర్పాటైంది, సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు. 1998లో "ఆల్తాయ్ బంగారు పర్వతాలు" పేరుతో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన భూముల్లో ఇదీ, బెలూఖా చుట్టుపక్కలా ఉన్నాయి. 2017లో కజకిస్తాన్ వైపు కతోన్-కరగాయ్‌తో కలిపి సరిహద్దులు దాటిన జీవావరణ కేంద్రంగా గుర్తించారు. గోధుమరంగు ఎలుగు, అడవి మరాల్, కొండమేక, కస్తూరి జింక, ఖరీదైన బొచ్చున్న సేబుల్ అనే చిన్న జంతువు ఉంటాయి. మంచుచిరుత కూడా ఉంది గానీ అది మీకు కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే ఆ టూరు మానుకోండి.

భయపడాల్సింది ఎలుగుబంటికి కాదు, పిడుదుకు. మే, జూన్‌లలో గడ్డిలోంచి అంటుకునే పిడుదుల వల్ల మెదడువాపు వ్యాధి వస్తుంది. టీకా ఉంది, ఒక్క డోసుతో అయిపోదు కాబట్టి నెలల ముందే డాక్టర్‌ను అడగండి.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

జూలై నుంచి సెప్టెంబరు మొదటి సగం దాకా. మాస్కో నుంచి ఆల్తాయ్ రిపబ్లిక్ రాజధాని గోర్నొ-అల్తాయ్‌స్క్‌కు విమానం ఉంది. అక్కడి నుంచి రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లకు అటూఇటూ, దాదాపు రోజంతా పడుతుంది. అక్కడి సమయం మనకంటే గంటన్నర ముందు.

భారతీయులకు రష్యా ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి ఇస్తోంది. అయితే అన్ని సరిహద్దు చెక్‌పోస్టుల నుంచీ దాంతో ప్రవేశించలేం, జాబితా చూసుకోండి. అసలు చిక్కు ఇంకోటి. జిల్లా దక్షిణ భాగం కజకిస్తాన్ సరిహద్దు జోన్. విదేశీయులు అందులోకి వెళ్లాలంటే సరిహద్దు దళం అనుమతి ముందే తీసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. అక్కడి టూర్ నిర్వాహకుల చేత దరఖాస్తు పెట్టించడమే సులువు. మీ ట్రెక్ దారి ఆ జోన్‌ను తాకుతుందో లేదో టికెట్లు కొనకముందే అడగండి.

డబ్బు విషయం: మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. రూబుళ్లు చేతిలో ఉంచుకోండి, నగరంలోనే మార్చుకోండి.

తిండి? శాకాహారులకు కుదురుతుందా?

కష్టపడితే కుదురుతుంది. రొట్టె, చీజ్, పెరుగులాంటి పుల్లపాల పదార్థాలు, తేనె, బంగాళాదుంప, బక్‌వీట్ జావ ప్రతి ఊళ్లో దొరుకుతాయి. ఆల్తాయ్‌ల ఇళ్లలో ఉప్పు వేసిన పాల టీ ఇస్తారు, అందులో వేయించి తిరగలిలో విసిరిన బార్లీ పిండి కలుపుకుంటారు. సత్తుపిండి అలవాటున్న నాలుకకు అది కొత్తేం కాదు. "మాంసం వద్దు" అంటే చేప పెట్టే అవకాశం ఉంది, చేప కూడా వద్దని విడిగా చెప్పండి. పచ్చడి సీసా సామానులో పెట్టుకోవచ్చు. చెక్-ఇన్ లగేజీలో పెట్టి, మూత మీద టేపు చుట్టండి.